వేరు కుంపటి

ఆయన పోయారన్న సంగతి నాకు రైల్లో తెలిసింది. జెర్సీ సిటీ నుంచి మాన్‌హట్టన్ ఆఫీసుకి వెళ్తున్నాను. ఫోన్ తీస్తే, బెంటన్‌విల్‌లో పనిచేసినప్పటి పాత వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు: రాజమండ్రిలో, నిద్రలోనే, గుండెపోటు. కింద నలభై మంది నలభై దండాలు పెట్టారు. వాళ్ళలో సగం మంది ఆయన బతికుండగా ఆయన మెసేజ్ వస్తే చదవకుండా తోసేసినవాళ్ళే. నేను దండం పెట్టలేదు. రెండుసార్లు ఏదో టైప్ చేసి చెరిపేశాను. నోరు తెరవాల్సిన రోజున తెరవలేదు, ఇప్పుడు నా దండం ఆయనకి ఎందుకు?

పేరు రాయను. ఆఫీసులో తెలుగువాళ్ళమందరం గురువుగారనేవాళ్ళం. సగం గౌరవం, సగం వెటకారం. అది ఆయనకీ తెలుసు. యాభై నాలుగేళ్ళ మనిషి, బక్కపలచన, ఎప్పుడూ చొక్కా టక్ చేసుకుని జేబులో పెన్ను పెట్టుకుని వచ్చేవారు. ఆ ఆఫీసులో పెన్ను వాడేది ఆయనొక్కరే. అందరినీ మీరు అనేవారు. వేసవిలో వచ్చే కాలేజీ పిల్లల్నీ మీరే, కంప్యూటర్‌నీ మీరే. ఏదైనా ఇన్‌స్టాల్ అవుతూ మధ్యలో ఆగిపోతే తెర వైపు కొంచెం వంగి, "కానివ్వండి స్వామీ, మీదే ఆలస్యం" అనేవారు.

బెంటన్‌విల్‌లో చిన్న చిన్న కంపెనీలు చాలా ఉన్నాయి, అన్నీ పెద్ద పెద్ద కొట్లకి సరుకు పంపేవే. అలాంటి ఒకదానికి మేమిద్దరం కన్సల్టెన్సీ తరఫున వెళ్ళిన కాంట్రాక్టర్లం. ఏ ఊరి కొట్టుకి ఏ రోజు ఎన్ని ట్రేల గుడ్లు పంపాలో ముందే అంచనా కట్టే ప్రోగ్రాం ఒకటుంది, దాన్ని చూసుకోవడం మా పని. ఆయనది కోనసీమ, నియమం గల బ్రాహ్మణ కుటుంబం, గుడ్డు ముట్టరు. "తినేది పెరుగన్నం, కాపాడేది గుడ్లు. కిందటి జన్మలో ఏ కోడిపెట్టని అదిలించానో" అని నవ్వేవారు. ఆ పెరుగన్నం కూడా లోపల తినేవారు కాదు. ఆవకాయ వాసనకి ఎవరైనా ఇబ్బంది పడతారని, పార్కింగ్ లాట్‌లో కారులో ఏసీ వేసుకుని, స్టీరింగ్ మీద రుమాలు పరచుకుని తినేవారు. ఆగస్టు ఎండలో అద్దాల వెనక ఆయన నోరు కదులుతూ కనిపిస్తే మేం కిటికీలోంచి చూసి నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆయన చెప్పిన మాటల్లో ఒకటి నేను రోజూ వాడుతున్నాను. ప్రోగ్రాం చెడిపోతే తెర నిండా ఎర్ర అక్షరాలు అరవై లైన్లు వస్తాయి. కొత్తవాళ్ళు పైనుంచి చదవడం మొదలుపెట్టి బెంబేలెత్తిపోతారు. ఆయన మాత్రం తాపీగా, "చివరి లైను చదవండి. ఏడుపంతా పైన ఉంటుంది, విషయం కింద ఉంటుంది" అనేవారు. పని సరిగ్గా జరిగితే కంప్యూటర్ ఏమీ అనదు, ఊరికే తరవాతి లైనుకి వస్తుంది. అప్పుడు ఆయన మెల్లిగా "శుభం" అనేవారు. పక్కనుండి ఎన్ని గంటలు చెప్పినా ఇంకొకరి కీబోర్డు మీద చెయ్యి వేసేవారు కాదు. "మీరు కొట్టండి, నేను చెప్తాను. నేను కొడితే నాకొస్తుంది, మీకు రాదు" అనేవారు.

మా గుడ్ల ప్రోగ్రాం చాలా పాతది. దానికి కావలసిన సరంజామా కూడా పాతదే. ఫలానా లైబ్రరీ, అంటే ఇంకెవరో రాసిపెట్టిన కోడు కట్ట, ఫలానా వెర్షనే ఉండాలి, ఒక్క మెట్టు కొత్తది పడినా మొత్తం అలిగి కూర్చుంటుంది. అందుకని ఆ ప్రోగ్రాంకి మెషీన్‌లో విడిగా ఒక చోటు కట్టాలి. దానికి కావలసినవన్నీ ఆ చోటులోనే వేయాలి, మిగతా మెషీన్‌తో దానికి సంబంధం ఉండకూడదు. ఇది ఎక్కడైనా పది నిమిషాల పని. ఈ ప్రోగ్రాంకి మాత్రం మూడు రోజులు పట్టేది, అదీ ఆయన దగ్గరుంటేనే. ఏది ముందు వేయాలి, ఏది తర్వాత వేయాలి, ఎక్కడ ఏ ఫైల్‌ని చేత్తో సరిదిద్దాలి, అంతా ఆయన తలలో ఉండేది. ఆయనకి ముందు ముగ్గురు వచ్చి ప్రయత్నించి మానుకున్నారని చెప్పుకునేవాళ్ళు.

నేను చేరిన మొదటి వారం, ఆయన నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "ముందు మడి కట్టుకోవాలండీ" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆ విడిచోటుకి ఆయన పెట్టుకున్న పేరు అది. ఆ చోటులోకి వెళ్ళకుండా ఏదైనా ఇన్‌స్టాల్ చేస్తే, "అయ్యో, మైలపడిందండీ, మొదటినుంచీ చేద్దాం" అనేవారు. టీమ్‌లో అందరికీ అది సరదా. "మడిలో ఉన్నావా?" అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతుండేవాళ్ళు. నాలుగు రోజులు ఓర్చుకున్నాను. శుక్రవారం బ్రేక్ రూమ్‌లో, ఆయన టీ కలుపుకుంటూ, "మీకు మడి చక్కగా అలవాటైపోయిందండీ" అని మెచ్చుకునేసరికి ఒళ్ళు మండింది.

"సార్, మాది జనగామ దగ్గర. మేం చాకలోళ్ళం. మా నాయనమ్మ మీ అసుంటోళ్ళ ఇండ్లల్ల బట్టలు ఉతికింది. ఉతికి, ఆరేసి, మడతపెట్టి ఇస్తే, వాళ్ళు మళ్ళ నీళ్ళల్ల ముంచి తీసి ఆరేసుకునేటోళ్ళు. ఎందుకంటే ఆమె ముట్టిందని. ఉతికింది ఆమెనే, మైల చేసింది ఆమెనే. నా ముంగట ఆ మాట అనొద్దు."

ఆయన చెంచా తిప్పడం ఆపేశారు. సమర్థించుకుంటారనుకున్నాను. ఆ రోజుల్లో అలా ఉండేదనో, నా ఉద్దేశం అది కాదనో అంటారని, దానికి కూడా ఒక జవాబు తయారుగా పెట్టుకున్నాను. ఆయన కప్పు పక్కన పెట్టి, "మా ఇంట్లోనూ అంతేనండీ. మా అమ్మ అలాగే చేసేది. నూతిలోంచి నీళ్ళు తోడి ఇచ్చింది నేనే" అన్నారు. టీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు.

శని ఆదివారాలు నాకు స్థిమితం లేదు. అన్న మాటకి పశ్చాత్తాపం లేదు కానీ, అన్నది ఆఫీసులో సీనియర్‌ని. నా బతుకు అక్కడ ఆయన నేర్పే పని మీదే ఆధారపడి ఉంది. సోమవారం పొద్దున ఆయనే నా సీటు దగ్గరికి వచ్చారు. చేతిలో, ఆయనకి తప్ప ఎవరికీ అర్థంకాని పొడిమాటల నోట్సు పుస్తకం ఉంది. మడి అని ఉన్న ప్రతి చోటా నీలం సిరాతో కొట్టేసి పైన వేరే మాట రాసి ఉంది.

"మాట మార్చానండీ. వేరు కుంపటి. ఎలా ఉంది?"

నాకు నవ్వాగలేదు. "మా దిక్కు అది తిట్టు సార్. కోడలు అత్తతోని పడక వేరు కుంపటి పెట్టిందంటరు."

"అదేనండీ మనకి కావలసింది. అత్తనీ కోడల్నీ ఒక పొయ్యి దగ్గర పెడితే రోజూ రభసే. వేరు పెట్టేస్తే, ఎదురుపడినప్పుడు బాగున్నారా అంటే బాగున్నారా అనుకుంటారు. ప్రోగ్రాములూ అంతే కదా."

అప్పట్నుంచి టీమ్‌లో అందరిచేతా అదే అనిపించారు. ఎందుకు మార్చారో ఎవరికీ చెప్పలేదు. ఎప్పుడైనా నాలుక జారి "మ" దాకా వచ్చేది, ఆగి, నా వైపు ఒకసారి చూసి "కుంపటి" అనేవారు. నా జీవితంలో చాలామంది పెద్దమనుషులు నాకు సారీ చెప్పారు. ఈయన ఆ మాట అనలేదు, కానీ యాభై ఏళ్ళ అలవాటుని రెండు రోజుల్లో మానుకుని వచ్చారు. అందుకే ఆ తర్వాత జరిగింది నాకు గొంతులో ముల్లులా ఉండిపోయింది.

పది నెలలు గడిచాయి. మా కన్సల్టెన్సీ మేనేజర్ ఫ్రిస్కోలో ఉండేవాడు, అన్నీ ఫోన్లోనే నడిపేవాడు. తెలుగువాడే. ఒక సోమవారం నాకు ఫోన్ చేసి, తలుపు వేసుకోమన్నాడు.

"లుక్, క్లయింట్ బడ్జెట్ కట్ చేశాడు. ఇద్దరు వద్దు, ఒక్కరే చాలంటున్నాడు. ఆయన రేట్ ఎక్కువ. ఆ సెటప్ నీ కొత్త లాప్‌టాప్‌లో నువ్వు సొంతంగా రన్ చేసి చూపించు. అంతవరకే ఆయన. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అని చెప్పి నేర్చుకో. ఆయనకి మాత్రం ఇప్పుడే చెప్పకు, సెన్సిటివ్ మేటర్."

"నాకు రాకపోతే?" అన్నాను.

"రాకపోతే నిన్ను పెట్టడానికి నా దగ్గర ఇంకో ప్రాజెక్ట్ లేదమ్మా. నెలాఖరుకి ఇంకో సీటు ఓపెన్ అవ్వొచ్చంటున్నారు, గ్యారంటీ లేదు."

ఉన్నది ఒక్క కుర్చీ, మేం ఇద్దరం. ఇద్దరి వీసాలూ ఆ కన్సల్టెన్సీ చేతిలోనే ఉన్నాయి. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకొకటి దొరకాలి, లేకపోతే దేశం వదలాలి. నాకు ముప్పై రెండేళ్ళు, ఎక్కడో ఒకచోట దొరకొచ్చు. ఆయన వయసు వాళ్ళని, ఆ పాత టెక్నాలజీతో, ఎవరు తీసుకుంటారు? ఆయన కూతురు అక్కడే కాలేజీలో చదువుతోంది. "ఇంకొక్క ఏడాదండీ. అమ్మాయి చదువు అయ్యేదాకా ఈ గుడ్లు పగలకుండా చూసుకుంటే చాలు" అని ఆయన ఎన్నిసార్లు అన్నారో.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్తే నా పని అయిపోతుంది, చెప్పకపోతే ఆయన పని అయిపోతుంది. మూడో దారి ఉందనుకున్నాను. నెలాఖరుకి పదిహేను రోజులుంది. అంతదాకా నా లాప్‌టాప్‌లో ఆ ప్రోగ్రాం నడవకుండా ఉంటే, ఈలోగా ఆ రెండో సీటు వస్తే, ఇద్దరం ఉండిపోతాం. ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను.

మర్నాడు ఆయనే సంబరంగా కుర్చీ లాక్కుని వచ్చారు. "కొత్త లాప్‌టాప్‌లో కుంపటి పెడదామా?" అన్నారు. రెండున్నర రోజులు ఆయన చెప్తుంటే నేను కొట్టాను. గురువారం పొద్దున అంతా నడిచింది. "శుభం" అన్నారు. ఆయన పెరుగన్నం డబ్బా తీసుకుని కారు దగ్గరికి వెళ్ళగానే, నేను ఒకే ఒక్క లైను కొట్టాను. ఆ పాత లైబ్రరీ తీసేసి దాని స్థానంలో కొత్త వెర్షన్ వేసే లైను. తెర నిండా ఎరుపు వచ్చింది.

"సార్, మళ్ళ ఎర్రర్ వచ్చింది" అన్నాను, ఆయన చేతులు తుడుచుకుంటూ రాగానే.

"చివరి లైను చదవండి" అన్నారు. చదివాను. ఆయన నుదురు రుద్దుకున్నారు. మళ్ళీ అంతా తీసి మొదటినుంచీ కట్టించారు; దించుకున్న ఫైళ్ళు మెషీన్‌లోనే ఉన్నాయి కనక ఈసారి ఒక్క రోజే పట్టింది. శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళకి నేను మళ్ళీ అదే చేశాను. సోమవారం మళ్ళీ. ఫ్రిస్కో నుంచి ఫోన్ వస్తే "ఇంకా ఇష్యూస్ ఉన్నాయి" అన్నాను. "నువ్వు పికప్ చేస్తున్నావు కదా? లేకపోతే నాకు ఇప్పుడే చెప్పు" అన్నాడు. ఆ గొంతులో ఉన్న బెదిరింపు నాకు అర్థమైంది, అయినా రెండో సీటు మీద ఆశ చావలేదు.

సోమవారం సాయంత్రం గురువుగారు వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగారు. ముఖం వాడిపోయి ఉంది. "తప్పు నాదేనండీ. నాకు అలవాటైపోయి, మధ్యలో ఏదో మెట్టు మీకు చెప్పకుండా దాటేస్తున్నాను. చెప్పడం చేతకానివాడు నేర్పడానికి కూర్చోకూడదు." నాకు ఏడుపొచ్చింది. నీళ్ళ సీసా ఎత్తి ముఖం దాచుకున్నాను. ఇంతకన్నా చెప్పేయడమే నయమనిపించింది. నోటిదాకా వచ్చింది. మా ఆయన వీసా నా వీసా మీద, అద్దె ఇల్లు నా జీతం మీద ఉన్నాయి. మింగేశాను.

మంగళవారం కూడా చెడగొట్టాను. నాలుగోసారి. ఈసారి ఆయన చివరి లైను చదవమనలేదు. "కొంచెం లేస్తారా, నేను కూర్చుంటాను" అన్నారు. ఆయన వేరొకరి కీబోర్డు మీద చెయ్యి వేయడం నేను చూసింది అదొక్కసారే. ఏవో రెండు మూడు మీటలు నొక్కారు, తెర వంక చాలాసేపు చూశారు. "ఆహా" అన్నారు, అంతే. లేచి, సీటు దగ్గరికి వెళ్ళి, డబ్బా తీసుకుని మళ్ళీ కారు దగ్గరికి వెళ్ళారు. అప్పటికే తినేసి వచ్చారు. డబ్బా ఖాళీ. ఆయన కారులో ముప్పావు గంట కూర్చోవడం నేను కిటికీలోంచి చూశాను. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

బుధవారం పొద్దున నా బల్ల మీద రెండు కాగితాలు పెట్టారు. పంతొమ్మిది మెట్లు. ఏది ముందు, ఏది తర్వాత, ఏ లైబ్రరీకి ఏ వెర్షన్, ఎక్కడ ఏం కనిపించాలి, అది కనిపించకపోతే ఏం చేయాలి. ఆ పాత లైబ్రరీని ఎవరైనా మార్చబోతే ఒప్పుకోకుండా తాళం వేసే మెట్టు కూడా పెట్టారు. ఇన్నేళ్ళు తలలో దాచుకున్నదంతా ఆ రెండు కాగితాల్లో ఉంది.

"ఇప్పుడే కొట్టండి. నేను చూస్తాను."

"రేపు చేద్దాం సార్."

"ఇప్పుడేనండీ" అన్నారు. ఆయన గొంతు అంత గట్టిగా నేను ఎప్పుడూ వినలేదు.

కొట్టాను. పంతొమ్మిది మెట్లూ ఎక్కడా ఆగలేదు, ఎక్కడా ఎరుపు రాలేదు. మూడు రోజుల పని నలభై నిమిషాల్లో అయిపోయింది. కొట్ల పేర్లూ ట్రేల సంఖ్యలూ తెర మీద వరసగా పరిగెత్తాయి. ఆయన శుభం అనలేదు. "ఇంక ఎవరు చేసినా నడుస్తుందండీ. నేను దగ్గరుండక్కర్లేదు" అన్నారు. అవే కాగితాల్ని ఆ గంటలోనే ఫ్రిస్కోకి కూడా పంపారని నాకప్పుడు తెలియదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింపావుకి ఆయనకి ఫ్రిస్కో నుంచి ఫోన్ వచ్చింది, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. పది నిమిషాల్లో గదిలోంచి బయటికొచ్చి, బ్యాడ్జీ, లాప్‌టాప్ బల్ల మీద పెట్టారు. పెన్ను జేబులో పెట్టుకున్నారు. ఎవరూ తలెత్తలేదు. నేను లేచి ఆయన వెనకే పార్కింగ్ లాట్‌లోకి వెళ్ళాను. ఆయనే మొదలుపెట్టారు.

"మీ మెషీన్‌లో పైకి చూపించే బాణం మీట నొక్కితే, మీరు అంతకు ముందు కొట్టినవన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయండీ. చెరపడం మర్చిపోయారు. అదే లైను నాలుగుసార్లు ఉంది. చెయ్యి జారి ఎవరూ నాలుగుసార్లు కొట్టరు."

నేను వెనక్కి తిరిగి ఆఫీసు కిటికీల వైపు చూశాను.

"మొదట కోపమొచ్చింది. నన్ను వెర్రివాణ్ణి చేసి ఆడిస్తోందనుకున్నాను. కారులో కూర్చుని, ఎందుకు చేస్తోందీ పిల్ల అని ఆలోచిస్తే, అప్పుడు అర్థమైంది. కొత్త లాప్‌టాప్ అన్నప్పుడే అర్థం కావలసింది, నాకు కొంచెం ఆలస్యం."

"అర్థమైనంక ఎందుకు సరిచేసిన్రు సార్? నెలాఖరు దాకా ఆగితే ఇంకో సీటు వస్తుండెనేమో. ఇద్దరం ఉంటుంటిమి."

ఆయన కారు తాళం వేలికి తగిలించుకుని, తిప్పుతూ నిలబడ్డారు. "రాకపోతే? ప్రోగ్రాం నడవకపోతే నేర్పినవాణ్ణి ఏమీ అనరండీ, నేర్చుకున్నవాళ్ళకి చేతకాదంటారు. మీరు వెళ్ళిపోతారు, నేను ఉంటాను. అలా ఉండమంటారా నన్ను?"

అప్పుడు అనాల్సింది. నాకు ముందే తెలుసు సార్, మీకు చెప్పకుండా దాచాను, భయపడ్డాను, అని. ఆయనకి అన్నీ తెలిసిపోయాయి కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆయనకి తెలియడం వేరు, నేను చెప్పడం వేరు. ఆయన "ఎండగా ఉంది, లోపలికి వెళ్ళండి" అని కారు ఎక్కారు.

ఆ తర్వాత అరవై రోజులూ ఆయన ఆ ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళింటికి పది నిమిషాల డ్రైవ్. ఒక్కసారీ వెళ్ళలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? ఆయనకి ఉద్యోగం దొరకలేదు. కూతుర్ని హాస్టల్లో పెట్టి భార్యాభర్తలిద్దరూ రాజమండ్రి వెళ్ళిపోయారని ఎవరో చెప్తే విన్నాను. నెలాఖరుకి వస్తుందన్న రెండో సీటు రానేలేదు.

ఆ శుక్రవారం ఆయన కారు వెళ్ళిపోయాక నేను లోపలికి వచ్చేశాను. పదిన్నరకి క్లయింట్‌తో మీటింగ్ ఉంది, సెటప్ నడిపి చూపించాలి. చూపించాను. పంతొమ్మిది మెట్లూ నడిచాయి. మేనేజర్ ఫ్రిస్కో నుంచి ఆ రెండు పేజీలని స్క్రీన్ మీద అందరికీ కనిపించేలా పెట్టాడు. ఆయన నాకిచ్చిన కాగితాల మీద పేరు లేదు. ఆయన పంపిన ఈ కాపీలో, పైన, తయారు చేసినవారు అన్న చోట నా పేరుంది. నా ఒక్కదాని పేరే.

"ఇంత క్లియర్ డాక్యుమెంట్ ఇన్నేళ్ళలో ఎవ్వరూ రాయలేదు. గుడ్ జాబ్" అన్నాడు మేనేజర్. అందరూ నా వైపు చూశారు.

థాంక్యూ అన్నాను.